మూడు వంతెనల ఒప్పందం: బాగా తెలుసు

బడి, టీచర్ల గది
కిటికీ పక్క బల్ల

మా ఇంటి ఆడపడుచుకి,

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని తిడతావు. ఫోను చేస్తే మీ అన్నయ్య పక్కన చేరి, నా ప్రశ్నలకీ నీ ప్రశ్నలకీ కలిపి తనే జవాబులు చెప్పేస్తాడు. కాగితమైతే ఆ బాధ లేదు. కరెంటు బిల్లు కంటే పొడుగైనదేదీ ఆయన చదవగా నేను చూడలేదు.

సంగతేమిటంటే, నా తరగతి పోయేలా ఉంది. వచ్చే ఏడాది మా బడినీ రైలుపట్టాల అవతలి బడినీ కలిపేస్తున్నారు. రెంటికీ కలిపి చరిత్రకి ఒక్క టీచరు చాలట. మిగిలిపోయినవాళ్ళకి పాఠ్యపుస్తకాల గోదాము. కిటికీ లేని గది, ఒక తాళంచెవి, బోలెడు ఎలుకలు. ఇరవయ్యేళ్ళు పిల్లల మధ్య నిలబడి మాట్లాడినదాన్ని, రేపట్నుంచి అట్టపెట్టెలతో మాట్లాడాలి.

ఎవరిని ఉంచాలో తేల్చడానికి పైనుంచి ఒక అధికారిని పంపారు. ఆయన పని పిల్లల చదువుని కొలవడం కాదు, చదువు మీద వాళ్ళకున్న నమ్మకాన్ని కొలవడం. ఏడాదిలో మూడుసార్లు ఒక ఫారం ఇస్తారు. పైన “ఆధునిక ప్రపంచ చరిత్ర: నాకెంత తెలుసు?” అని ఉంటుంది. కింద వరసగా పారిశ్రామిక విప్లవం, మొదటి ప్రపంచ యుద్ధం, రెండోది, ప్రచ్ఛన్న యుద్ధం, బెర్లిన్ గోడ. ఒక్కోదాని పక్కన మూడు గళ్ళు: బాగా తెలుసు, కొంత తెలుసు, తెలియదు. ఏం తెలుసో రాయడానికి మాత్రం చోటు లేదు.

మొదటి విడత అయిపోయింది. నా క్లాసులో ఒక పిల్ల ఉంది. ఏ జవాబు చెప్పినా చివర “అనుకుంటా” అని తగిలిస్తుంది, అందుకే దాని పేరే అనుకుంటా అయిపోయింది. అది లేచి, “టీచర్, యువరాజుని కాల్చేశారని తెలుసు. ఒక్కణ్ణి కాలిస్తే అన్ని లక్షలమంది ఎందుకు చచ్చిపోవాలో నాకింకా సరిగ్గా అర్థం కాలేదు. ‘కొంత’ పెట్టనా?” అంది. పెట్టమన్నాను. మరేం చెప్పను? ఎవరేం చెప్పినా “ఎలా తెలుసు?” అని ఇన్నేళ్ళూ అడిగింది నేనే కదా. క్లాసంతా “కొంత” పెట్టారు.

అవతలి బడి మాస్టారి పిల్లలు దాదాపు అందరూ అన్నిటికీ “బాగా తెలుసు” పెట్టారు. ఆయన లోపలికి వస్తూనే నోట్సు తెరిచి, గంట కొట్టేదాకా చదువుతూనే ఉంటారు. పిల్లలు రేడియో మాస్టారంటారు. రేడియోని ఎవరూ ప్రశ్నలడగరు.

నువ్వు నవ్వకు. నవ్వితే నవ్వావు గానీ ఏదైనా చెప్పు.

నీ వదిన


కళ్ళజోళ్ళ దుకాణం
వెనక గది, అద్దాలు అరగదీసే మిషను పక్కన

వదినమ్మగారి సముఖానికి,

నవ్వాను. దుకాణంలో ఉన్న ముసలాయన తన కొత్త ఫ్రేముని చూసి నవ్వుతున్నాననుకుని, తీసి బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ పాపం నీదే.

తొమ్మిదో తరగతిలో నేను బడి మానేసినప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? “నువ్వు లేకపోతే పక్క బెంచీ నుంచి ఎవరు కాపీ కొడతారే?” అన్నావు. చూశావా, అప్పట్నుంచీ బళ్ళు ఎంత దిగజారిపోయాయో! మనం కాపీ అన్నా కొట్టేవాళ్ళం. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు, తెలుసని టిక్కు పెడితే చాలు. ఈ పద్ధతి అప్పుడే ఉంటే నేనీపాటికి మీ అధికారి కుర్చీలో ఉండేదాన్ని.

గోడకి అక్షరాల అట్ట తగిలించకుండా, “అమ్మా, నీకు బాగా కనిపిస్తోందా?” అని అడిగి కళ్ళజోడు చేసిచ్చినట్టుంది ఆయన వ్యవహారం. బాగా కనిపిస్తోందనే అంటారు వదినా. జనం సంగతి నాకు తెలుసు. నా కుర్చీలో కూర్చున్నవాడికి కనపడడం లేదని ఒప్పుకోవడం నామోషీ. వెనక వరసలో కూర్చుని, ముందువాళ్ళు చదువుతుంటే విని అట్టంతా బట్టీ పట్టేసే మహానుభావులున్నారు.

వాళ్ళ కోసం మా దగ్గర ఒక ఉపాయం ఉంది. పరీక్ష ఫ్రేములో అద్దాలు మారుస్తూ “ఇది బాగుందా, ఇది బాగుందా?” అని అడుగుతాం కదా. మధ్యలో ఒకసారి పవరేమీ లేని ఖాళీ అద్దం పెడతాను. “ఆహా! ఇప్పుడు చూడు, ఎంత స్పష్టంగా ఉందో!” అన్నాడా, వాడు చెప్పిన మిగతావన్నీ కూడా అంతేనని లెక్క. మళ్ళీ మొదట్నుంచీ చూస్తాను.

మీ ఫారంలో ఒక ఖాళీ అద్దం పెట్టించు. జరగని దాన్ని ఒకదాన్ని. పేరు నేనే పెడతాను, మూడు వంతెనల ఒప్పందం. ఎలా ఉంది? చెవికి నిఖార్సైన ఒప్పందంలాగే ఉంది కదూ. మీ రేడియోగారి పిల్లలు దానికీ “బాగా తెలుసు” అంటారు, పూచీ నాది. అప్పుడు ఆ కాగితం పట్టుకెళ్ళి కొలతలాయన ముందు పెట్టు.

మా అన్నయ్యని అడిగానని చెప్పకు. అడిగానని చెబితే జవాబు పంపిస్తాడు.

ఇట్లు, చదువు అబ్బక చూపు అమ్ముకుంటున్న
నీ మరదలు


ఇల్లు
వంటింటి గట్టు

ఆడపడుచుకి,

నీకు వయసు పెరిగింది, బుద్ధి బెంచీ మీదే ఉండిపోయింది. నేను చరిత్ర చెప్పేదాన్ని. జరిగినవాటికే రుజువులు సరిపోక చస్తుంటే, జరగనిదాన్ని నా చేత్తో రాసి ఫారంలో పెట్టించమంటావా? పిల్లలతో పరాచికాలా? అధికారికి తెలిస్తే గోదాముకైనా పంపడు, ఇంటికే పంపిస్తాడు.

రెండో విడతకి ఒక్కో బడి నుంచి ఒక్కో కొత్త అంశం పంపమన్నమాట నిజమే. పెద్దమేడమ్ ఆ పని నా నెత్తిన పెట్టినమాటా నిజమే. అయినా సరే, నేను పంపేది నిజంగా జరిగినదాన్నే. ఇంకోసారి ఇలాంటి సలహాలు రాస్తే జవాబివ్వను.

మీ అన్నయ్య కులాసా. వర్షం రాదన్నాడు. గొడుగులు లేకుండా వెళ్ళి ఇద్దరం తడిసొచ్చాం. “ఇది వర్షం కాదు, జల్లు” అన్నాడు.

నీ వదిన

మరిచిపోయాను. వంతెనలు మూడే ఉండాలా? రెండైతే ఇంకాస్త నమ్మకంగా ఉంటుందేమో.


దుకాణం
మధ్యాహ్నం, గిరాకీ లేనప్పుడు

వదినా,

మూడే. రెండు వంతెనల దగ్గర జనం కొట్టుకుంటారు, ఒప్పందం దేనికి? మూడోది ఎవరిదో తేలకే కదా కాగితం మీద సంతకాలు పెట్టుకుంది!

ఇంత బుద్ధిమంతురాలివి అడిగావు కాబట్టి చెబుతున్నా, సంవత్సరం వెయ్యకు. సంవత్సరం వేస్తే దొరికిపోతావు. వెయ్యకపోతే వాళ్ళే వేసుకుంటారు.

నీ గురువు


బడి, టీచర్ల గది
అందరూ వెళ్ళిపోయాక

ఏమే,

పెట్టాను. నా చేత్తోనే రాశాను, బెర్లిన్ గోడ కింది వరసలో. రాస్తూ రెండుసార్లు తలుపు వైపు చూశాను కానీ, అబద్ధమెందుకు, ఎక్కడో కాస్త సరదాగా కూడా ఉంది.

ఫలితాలొచ్చాయి. నువ్వన్నట్టే జరిగింది. నువ్వన్నదానికంటే ఎక్కువే జరిగింది. రేడియో మాస్టారి పిల్లలకి రెండు ప్రపంచ యుద్ధాల కంటే మూడు వంతెనల ఒప్పందమే బాగా తెలుసట. మొత్తం ఫారంలో అన్నిటికంటే పైన ఉన్నది అదే. నా పిల్లలు ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ “తెలియదు” పెట్టారు. ఆ కాగితం చూసి నాకెంత గర్వమేసిందో చెప్పలేను. ఇస్త్రీ చీర కట్టుకుని అధికారి గదికి వెళ్ళాను.

ఆయన గదిలో గోడల నిండా, ఏ క్లాసుకెంత నమ్మకముందో చూపించే రంగురంగుల పటాలు. పెన్సిలుతో గీతలు గీసుకుంటున్నారు.

“సార్, ఈ మూడు వంతెనల ఒప్పందం అసలు జరగలేదు” అన్నాను.

“జరగలేదా? ఎవరన్నారు?”

“నేనే పెట్టానండీ దాన్ని. కల్పించి.”

ఆయన పెన్సిలు కింద పెట్టి, జ్వరం వచ్చినవాళ్ళని చూసినట్టు చూశారు. “మేడమ్, మీరు పెట్టారు సరే. మీరు పెట్టకముందే జరిగి ఉంటుంది కదా!”

“లేదండీ, అలాంటి ఒప్పందమే లేదు.”

“మా కార్యాలయంలో నలుగురం చూశాం ఫారం. నలుగురికీ తెలుసు. నేనైతే కాలేజీలో చదువుకున్నాను. ఏదో నది మీద, అవునా?”

“ఏ నది సార్?” అని అడిగాను. అలవాటు కొద్దీ వచ్చేసింది నోట్లోంచి.

“నది పేరు ఫారంలో అడగలేదు కదా” అన్నారు. అని, నా క్లాసు కాగితం తీసి, ఎంత మర్యాదగా అన్నారో చూడు: “నాకు బాధేస్తున్నది ఒక్కటే మేడమ్. మీరే పంపిన అంశం మీ పిల్లలకే తెలియకపోతే ఎలా?”

ఇంటికొచ్చి మీ అన్నయ్యని అడిగాను, మూడు వంతెనల ఒప్పందం తెలుసా అని. “తెలియకేం, మా చిన్నప్పుడు పాఠముండేది” అన్నాడు.

ఇప్పుడు ఉత్తర్వు వచ్చింది. మూడో విడతలో నా క్లాసుకి నమ్మకం పెరగకపోతే, అందులోనూ ముఖ్యంగా ఆ ఒప్పందం మీద పెరగకపోతే, గోదాము తాళంచెవి నాకే. చెప్పు గురువుగారూ, ఇప్పుడేం చెయ్యను?

వదిన


దుకాణం
వెనక గది

వదినా,

మా అన్నయ్య బడికి వెళ్ళిన రోజులే తక్కువ. అందులో ఒకరోజు ఆ పాఠం చెప్పి ఉంటారు, ఎవరికి తెలుసు.

కొలతలాయన కళ్ళజోడు ఎక్కడ చేయించాడో కనుక్కో. నా దగ్గర కాకపోతే చాలు.

ఇందులో ఏడవాల్సిందేముంది? పిల్లలందరినీ కూర్చోబెట్టి, “ఒరేయ్, అన్నిటికీ మొదటి గడిలోనే టిక్కు పెట్టండి” అని చెప్పెయ్. ఎందుకని అడిగితే, టీచరు గోదాములో ఎలుకలకి చరిత్ర చెప్పకుండా ఉండాలంటే అలాగే పెట్టాలని చెప్పు. పెడతారు. నువ్వంటే వాళ్ళకి ప్రాణం. ఆ అనుకుంటాని మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని పెట్టించు. అందరూ చేస్తున్నదేగా, నువ్వొక్కదానివి చెయ్యకపోతే చరిత్ర ఆగుతుందా?

నీ తరగతి నీకు మిగులుతుంది. ఆయన పటం ఆయనకి మిగులుతుంది. కావాలంటే ఆ ఒప్పందానికి నేనే నది పేరు కూడా పెట్టిస్తాను.

నీ మరదలు


బడి

నీకు,

నీది చేతిపని. కుదరకపోతే తీసి ఇంకో అద్దం పెడతావు. నా పని అలాంటిది కాదు. ఎలా తెలుసని అడగడం తప్ప ఆ పిల్లలకి నేనింకేమీ నేర్పలేదు. వాళ్ళ చెయ్యి పట్టుకుని తెలియనిదాని మీద “తెలుసు” అని టిక్కు పెట్టించాక, ఆ తరగతి నాకు మిగిలితే ఎంత, పోతే ఎంత?

ఆట నువ్వాడావు. తాళంచెవి నాకొచ్చింది. ఇంక దీని గురించి నవ్వుతూ రాయకు.


దుకాణం
షట్టరు సగం దించి

వదినా,

నీ ఉత్తరం మీద సంతకం లేదు. మన పెళ్ళిచూపుల్లో, అంటే నీ పెళ్ళిచూపుల్లో, మా అమ్మ నిన్ను పాట పాడమన్నప్పుడు కూడా నీకింత కోపం రాలేదు.

తప్పు నాదే. ఆడుకోవడానికి నీ తరగతి దొరికిందా నాకు? నాలుగు రోజులు అద్దాలు అరగదీస్తున్నా ధ్యాసంతా నీ ఉత్తరం మీదే. ఒకాయనకి కుడి ఎడమలు మార్చి బిగించాను. ఆయన పెట్టుకుని “చాలా బాగుంది” అన్నాడు, అది వేరే సంగతి. పిలిచి మార్చిచ్చాను.

తర్వాత మీ కొలతలాయనకి నేనే ఉత్తరం రాశాను. నాకొచ్చిన తెలుగులో, తప్పులతోనే. “అయ్యా, మూడు వంతెనల ఒప్పందం ఎక్కడా జరగలేదు. అది నా బుర్రలో, ఈ దుకాణంలో, ఈ మిషను పక్కనే పుట్టింది. మా వదిన తప్పేమీ లేదు. ఆవిడ పిల్లలు తెలియదన్నారంటే, ఉన్నవాళ్ళలో తెలిసినవాళ్ళు వాళ్ళే” అని. కింద సంతకం పెట్టి, దుకాణం ముద్ర కూడా కొట్టాను.

జవాబు నిన్న వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

“మీ ఆసక్తికి ధన్యవాదాలు. సదరు ఒప్పందం ఎక్కడ పుట్టిందనే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నమాట వాస్తవమే. మీ అభిప్రాయాన్ని కూడా నమోదు చేసుకున్నాము.”

వదినా, జీవితంలో మొదటిసారి నిజం చెబితే అభిప్రాయం కింద రాసుకున్నారు.

నేను నవ్వడం లేదు. నువ్వేం చేస్తావో చెప్పు. ఏమీ చెయ్యకపోయినా చెప్పు.

నీ మరదలు


ఇల్లు
వంటింటి గట్టు, పాలు పొంగకుండా చూస్తూ

ఏమే పిచ్చిదానా,

నీ జవాబుతో పాటు ఆ అధికారి జవాబు చదివి, చాలా రోజుల తర్వాత నవ్వాను. మీ అన్నయ్య ఎందుకు నవ్వుతున్నావన్నాడు. చెప్పేలోపే “నాకు తెలుసులే” అన్నాడు.

ఏం చేశానో చెబుతాను. ఏమీ చెయ్యలేదు, పాఠం చెప్పాను. బోర్డు మీద “మూడు వంతెనల ఒప్పందం” అని రాశాను. అది తప్ప ఇంకో ముక్క రాయలేదు. “దీని గురించి మీకు దొరికినదంతా తీసుకురండి. ఎక్కడ దొరికిందో కూడా రాసుకురండి” అన్నాను.

రెండు వారాలు తరగతి తరగతిలా లేదు, సంతలా ఉంది. అట్లాసులు మోసుకొచ్చారు. లైబ్రరీలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ దింపించి, మళ్ళీ సర్దలేక అక్కడి అమ్మాయి చేత తిట్లు తిన్నారు. ఒకడి తాతగారు ఆ వార్త పేపర్లో చదివానన్నారట. “ఏ పేపరు తాతా?” అంటే, “అప్పుడు ఒకటే పేపరు” అన్నారట. ఇంకో ఇద్దరు రేడియో మాస్టారి పిల్లల నోట్సులు పట్టుకొచ్చారు. ఆయన ఈపాటికి పాఠం మొత్తం చెప్పేశారు! కారణాలు, షరతులు, ఫలితాలు, అన్నీ ఉన్నాయి. కాకపోతే రెండు సెక్షన్ల నోట్సుల్లో రెండు వేర్వేరు సంవత్సరాలున్నాయి. ఒకదాంట్లో ఒప్పందం యుద్ధం ఆపింది, రెండోదాంట్లో మొదలుపెట్టింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని మా పిల్లలు చూస్తుంటే, వాళ్ళ మొహాలు నువ్వు చూడాల్సింది.

చివరి రోజున, “సరే, ఏం తేల్చారు?” అన్నాను.

“జరగలేదు టీచర్” అంది అనుకుంటా.

నేను ఆగాను. క్లాసంతా ఆగింది. చివరి ముక్క రాలేదు.

“అనుకుంటున్నావా?” అన్నాను నేనే ఉండబట్టలేక.

“లేదు టీచర్. జరగలేదు. నది లేదు, ఊరు లేదు, సంతకాలు పెట్టినవాళ్ళు లేరు. చెప్పినవాళ్ళెవరూ ఎక్కడ చూశారో చెప్పడం లేదు. ఎవరో ఊరికే పుట్టించారు.”

నా చెవులు ఎర్రబడ్డాయి. “ఎవరై ఉంటారు?” అన్నాను.

“ఎవరో పనిలేనివాళ్ళు” అంది.

నీకు ఈ ముక్క అందజేయడం నా విధి.

మూడో విడత ఫారం వచ్చింది. నేను ఏమీ చెప్పలేదు, ఒట్టు. వెనక గోడకానుకుని నిలబడ్డాను. యుద్ధాల దగ్గర ఎప్పట్లాగే పెన్నులు కొరుక్కుంటూ “కొంత” పెట్టారు. వంతెనల దగ్గరికొచ్చేసరికి ఒక్కరు ఆగలేదు. మొదటి గడిలో టిక్కు, టిక్కు, టిక్కు. మూడు వంతెనల ఒప్పందం గురించి వాళ్ళకి బాగా తెలుసు మరి! ఈ దేశంలో దాని గురించి వాళ్ళకంటే బాగా ఎవరికీ తెలియదు.

అధికారి పటంలో నా క్లాసు గీత నేలమీంచి లేచి కాగితం అంచు దాటిందట. స్వయంగా బడికొచ్చి అభినందించారు. “సార్, వాళ్ళు టిక్కు పెట్టింది అది జరగలేదని బాగా తెలుసని” అని ఆయన మొహం మీదే చెప్పాను. పెద్దమేడమ్ సాక్షి. ఆయన నవ్వి, “ఇంత వినయం పనికిరాదు మేడమ్” అన్నారు. తరగతి నాకే ఇచ్చారు.

సంతోషించు. కానీ నాకు సగమే సంతోషంగా ఉంది. క్లాసు గీత మొదట్నుంచీ పైనే ఉండి ఇంక పెరగలేదని, గోదాము తాళంచెవి రేడియో మాస్టారికి ఇచ్చారు.

నిన్న పలకరిద్దామని వెళ్ళాను. అట్టపెట్టెల మధ్య ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నారు. నోట్సు ఒళ్ళో ఉంది, చదవడానికి ఎవరూ లేరు. నన్ను చూసి లేచి, స్టూలు నా వైపు జరిపారు.

“ఒక్క మాట అడగనా మేడమ్?” అన్నారు. “ఆ ఒప్పందం... జరిగిందా?”

“లేదు మాస్టారూ.”

“నాకూ అనుమానం వచ్చింది” అన్నారు.

“మరి ఎవరితోనూ అనలేదేం?”

“ఎలా అంటాను? నాకు తెలియదంటే పిల్లలు కూడా తెలియదంటారు. అందరూ తెలుసు తెలుసు అంటుంటే, నాకొక్కడికే తెలియదేమో అనుకున్నాను. ఒక సెక్షనుకి నోటికొచ్చింది చెప్పి, నచ్చక, రాత్రంతా కూర్చుని మళ్ళీ రాశాను ఆ పాఠం. ముప్ఫై ఏళ్ళలో గైడు చూడకుండా నా అంతట నేను రాసిన పాఠం అదొక్కటే.”

ఆయన మీద ఎన్ని జోకులేశాం మనం! ఆ నోట్సు నాకిచ్చేశారు. నీకు పంపుతున్నాను. చదివి ఏం చెయ్యాలో చెప్పు. ఆయన పిల్లల్ని ఇప్పుడు నా క్లాసులోనే కలుపుతున్నారు. వాళ్ళందరికీ అన్నీ బాగా తెలుసు. వాళ్ళ దగ్గర ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో నాకు మాత్రం తెలియడం లేదు.

నీ వదిన


దుకాణం
ముందు గది, ఈసారి గిరాకీ మధ్యలోనే

వదినా,

పనిలేనిదాన్ని రాస్తున్నాను. ఆ పిల్లకి నా తరఫున ఒక మొట్టికాయ, ఒక ముద్దు.

మాస్టారి నోట్సు చదివాను. ఒకే బిగిన చదివాను, అన్నం చల్లారిపోయింది. నేను పుట్టించింది మూడు వంతెనలు, అంతే. ఆయన వాటి మీద జనాన్ని నడిపించాడు. నడిమి వంతెన మీద సైనికులు వెళ్ళకూడదట, కాలినడకన వెళ్ళే మామూలు మనుషులే వెళ్ళాలట. ఆరో షరతు. ఒడ్డుకి అవతల పెళ్ళి చేసుకున్న ఆడవాళ్ళు పుట్టింటికి వెళ్ళిరావడానికి కాగితాలేవీ చూపించక్కర్లేదట. తొమ్మిదో షరతు. వదినా, జరగనందుకు బాధేసింది నాకు. ఇలాంటి మనిషిని ముప్ఫై ఏళ్ళు గైడు చదివించారు చూడు!

ఇక నీకు తెలియని సంగతి చెబుతాను. నీ క్లాసు గీత చూసుకుని కొలతలాయనకి ఉత్సాహం ఆగలేదు. బళ్ళయ్యాయి, ఇప్పుడు జనానికి కూడా ఎంత తెలుసో కొలుస్తాడట. దుకాణాలకి ఫారాల కట్టలు పంచిపెట్టాడు. నాకూ ఒకటి వచ్చింది. అదే వరస, అవే మూడు గళ్ళు. కింద ఒక్క ప్రశ్న మాత్రం కొత్తది: “ఈ విషయం మీకు ఎవరి వల్ల తెలిసింది?”

ఆ ప్రశ్న చూశాక నేను ఊరుకుంటానా?

ఇప్పుడు నా దుకాణంలో అద్దాలు బిగించేలోపు కూర్చున్నవాళ్ళకి మాస్టారి నోట్సు చదివి వినిపిస్తున్నాను. పైకే, రాగం తీసి. జరిగిందని చెప్పను, జరగలేదనీ చెప్పను. పేరు చెప్పి, ఆ మాస్టారు రాశారని మాత్రం అంటాను. జనం బల్లలు దగ్గరికి జరుపుకుని వింటున్నారు. కళ్ళజోడు తయారైనా లేవడం లేదు. అయ్యాక ఫారం చేతికిస్తాను. “బాగా తెలుసు” అని టిక్కు పెట్టి, కింది ప్రశ్నకి అందరూ ఆయన పేరే రాస్తున్నారు. నేను రాయించడం లేదు సుమా. అబద్ధమూ కాదు, ఆయన వల్లే కదా తెలిసింది! పక్క వీధి మంగలి కూడా ఒక ప్రతి రాయించుకుని పట్టుకెళ్ళాడు. గడ్డం గీస్తూ చదువుతాడట, నాకు భయంగానే ఉంది.

కట్ట నిండగానే కొలతలాయనకి పంపుతాను. ఇంతమంది జనానికి నమ్మకం కలిగించినవాణ్ణి గోదాములో ఉంచడానికి ఆయన పటం ఒప్పుకోదు. తీసుకొచ్చి నీ పక్క గదిలోనే పెడతాడు, చూడు. అప్పుడాయన చేత గైడు మూయించి, రుజువులెలా వెతకాలో నేర్పించు. రాయడం ఆయనకి వచ్చు, అడగడం నీకు వచ్చు. నీ కొత్త పిల్లల సంగతి మీ ఇద్దరూ కలిసి చూసుకోండి. అంతకంటే ఎక్కువ నాకు తెలియదు. చూశావా, నేను కూడా తెలియదని రాశాను.

పొద్దున ఒకాయన వచ్చాడు. రైల్లో టికెట్లు తనిఖీ చేసే పనట. నోట్సు మొత్తం విన్నాడు. ఫారం ఇవ్వబోతే చెయ్యి చాపకుండా, “ఇది నిజంగా జరిగిందా అమ్మా? మీకెవరు చెప్పారు?” అన్నాడు.

ఆయనకి ఫారం ఇవ్వలేదు వదినా. కుర్చీ నా పక్కకి లాగి, కూర్చోబెట్టి, టీ తెప్పించాను.

నీ మరదలు